అయ్యగారికి విశ్రాంతి అడగడం తప్పా?

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది కర్నూలు జిల్లా ఆదోని వైపు ఒక మండల కేంద్రం. మా వారు పందొమ్మిదేళ్లుగా ఇక్కడ సేవ చేస్తున్నారు. ఏ మిషన్‌కూ చెందని స్వతంత్ర సంఘం మాది. నలభై ఐదు కుటుంబాలు ఉన్నాయి. ఇక్కడ కాక మూడు పల్లెల్లో కూడికలు జరుగుతాయి. మంగళవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకొకసారి రాత్రి ప్రార్థన. వీటి మధ్యలో ఇంటి ప్రార్థనలు, ఆసుపత్రులు, పెళ్లిళ్లు, భూస్థాపనలు. ఇన్నేళ్లలో మా వారు మందిరంలో లేని ఆదివారాలు మూడే. రెండు డెంగీ వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఒకటి మా అత్తగారు చనిపోయినప్పుడు.

ఏడాదిగా మనిషి మారిపోయారు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. పాత నోటుపుస్తకాలు తీసి, చెప్పిన ప్రసంగాలే మళ్లీ చెబుతున్నారు. ఇంటి ప్రార్థనకు వెళ్లాలని బండి బయటికి తీసి, దాని మీదే పది నిమిషాలు ఊరికే కూర్చుంటున్నారు. పిల్లల మీద ఎన్నడూ విసుక్కోని మనిషి విసుక్కుంటున్నారు. మొన్న రాత్రి "పడుకున్నవాడిని మళ్లీ లేవకపోయినా బాగుండు" అన్నారు.

రెండు నెలలు ఆయనకు విశ్రాంతి ఇవ్వమని పెద్దల దగ్గర నేనే మాట తీశాను. "దేవుని సేవకు సెలవేమిటమ్మా? అపవాదికి (సాతానుకు) సెలవుందా?" అన్నారు ఒక పెద్ద. "రెండు నెలలు కాపరి లేకపోతే మంద పక్క సంఘానికి పోతుంది" అన్నారు ఇంకొకరు. నెలకు పదిహేను, పదహారు వేల కానుకల మీద బతుకుతున్న మాకు ఆ రెండు నెలలు ఎలా గడుస్తాయన్నది నా భయం. పాప ఇంటర్ రెండో సంవత్సరం, బాబు తొమ్మిదో తరగతి. నేను అడిగింది తప్పా?
– ఒక పాస్టర్ గారి భార్య (పేరు, ఊరు ప్రచురించవద్దన్నారు)

సమాధానం:

చెల్లెమ్మా, వందనాలు.

మీ ప్రశ్నకు తర్వాత వస్తాను. ముందు మీ ఉత్తరం మధ్యలో ఉన్న ఒక మాట గురించి చెప్పాలి. "మళ్లీ లేవకపోయినా బాగుండు" అన్న మాట విన్నాక పెద్దలు ఒప్పుకునేదాకా ఆగకండి. ఈ వారంలోనే ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. బీపీ, షుగరు, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. నిద్ర చెడిపోవడానికి, విసుగుకు శరీరంలోనూ కారణాలు ఉంటాయి. వెళ్లడానికి ఆయన ఒప్పుకోకపోతే 14416 నంబరుకు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. ఆయన మాట్లాడనంటే మీరే మాట్లాడి ఏం చేయాలో అడగండి.

ఆయన దగ్గర కూర్చుని "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రాత్రికి ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు, నిద్రమాత్రలు ఉంటే ఇప్పుడే తీసి మరొకరి ఇంట్లో పెట్టించండి. ఈ మాటలు రాయడం నాకు కష్టంగా ఉంది, అయినా రాయకుండా ముందుకు వెళ్లలేను.

విశ్వాసం సన్నగిల్లి అలా అన్నారని మీరు అనుకోవద్దు, ఎవరినీ అననివ్వవద్దు. బైబిల్లో ఏలీయా ప్రవక్త కూడా ఇదే అన్నాడు. కర్మెలు కొండ మీద అగ్ని దిగిన మరుసటి అధ్యాయంలోనే, అరణ్యంలో బదరీవృక్షం కింద కూర్చుని తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి వేడుకున్నాడు. దేవుడు గద్దించలేదు. దూతను పంపి రొట్టె, నీళ్లు ఇప్పించాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. హోరేబు కొండకు నలభై రోజుల ప్రయాణం, అక్కడి సంభాషణ, కొత్త పని అప్పగించడం, అన్నీ ఆ రెండు నిద్రల తర్వాతే. కర్మెలు మీద అగ్ని దిగడం గురించి నేను విన్న ప్రసంగాలకు లెక్క లేదు. ఏలీయా నిద్ర మీద విన్నవి రెండో మూడో.

ఇక మీ పెద్దలు అన్న మాటలు. అపవాదికి సెలవు లేదు, నిజమే. కానీ అపవాది పోలికలో మనల్ని ఎవరూ చేయలేదు. ఆరు రోజులు పనిచేసి ఏడవ రోజున విశ్రమించినవాడి పోలికలో చేయబడ్డాం. ఆ పెద్దను నొప్పించకుండా ఈ ఒక్క మాట చెప్పండి.

"దేవుని సేవకు సెలవేమిటి?" అన్న ప్రశ్న మాత్రం గట్టిది. దానికి బైబిల్లోనే జవాబు ఉంది. లూకా సువార్త మొదటి అధ్యాయం తీయండి. జెకర్యా అబీయా తరగతికి చెందిన యాజకుడు. తరగతి అంటే ఏమిటి? దావీదు కాలంలో యాజకులను ఇరవై నాలుగు తరగతులుగా విభజించారని మొదటి దినవృత్తాంతముల గ్రంథం 24వ అధ్యాయం చెబుతుంది. ఒక తరగతి వచ్చి తన వంతు సేవ చేస్తుంది, తర్వాత మరో తరగతి వస్తుంది. జెకర్యాకు దేవదూత కనిపించాడు, నోరు మూగబోయింది, అంతటి సంగతి జరిగింది. అయినా సేవ దినాలు పూర్తికాగానే ఆయన ఇంటికి వెళ్లాడని లూకా రాశాడు. ఇంటికి వెళ్లాడు! ధూపం ఆగలేదు, బలిపీఠం చల్లారలేదు. సేవకు సెలవు లేదన్నది పెద్దలు చెప్పిన సత్యం. సేవకుడికి వంతు ఉందన్నది వారు మరిచిన సత్యం.

కేసీ కాలువ కింద సాగు చేసే రైతులకు వంతు అంటే విడమరిచి చెప్పనక్కరలేదు. సుంకేసుల నుంచి కడప దాకా వచ్చే ఆ కాలువలో నీళ్లు ఒకే చేనికి కట్టేస్తే మిగతావన్నీ ఎండిపోతాయని అందరికీ తెలుసు. మన సంఘాల్లో జరుగుతున్నది దానికి తలకిందులు. అన్ని చేలకూ ఒకే మనిషి నీళ్లు మోస్తున్నాడు. పందొమ్మిదేళ్లుగా వంతు మారలేదు. ఆ మనిషి కూలబడితే ఆయన భక్తిని అనుమానిస్తున్నాం, ఏర్పాటును మాత్రం అనుమానించడం లేదు.

విశ్రాంతి అనేది కొత్తగా విదేశాల నుంచి దిగిన ఆలోచన అని కూడా కొందరు అంటారు. మన ప్రాంతంలో అది పాతదే. 1822లో లండన్ మిషన్ వారు కడపలో పని మొదలుపెట్టారు. ఆ కాలపు మిషనరీలకు కొన్నేళ్ల సేవ తర్వాత ఫర్లో పేరుతో స్వదేశానికి వెళ్లివచ్చే ఏర్పాటు ఉండేది. ఎండాకాలం కొండ మీదికి వెళ్లే అలవాటు ఉండేది. కొడైకెనాల్‌లో మొదట ఇళ్లు కట్టుకున్నది మదురై నుంచి వెళ్లిన అమెరికన్ మిషనరీలే, 1845లో. వారిని తప్పుపట్టడం లేదు, జ్వరాలతో పిల్లలను పోగొట్టుకున్న మనుషులు వాళ్లు. కానీ వారి పక్కన నిలబడి పల్లె పల్లెకూ నడిచిన మన ఉపదేశులకు ఆ ఫర్లో లేదు. విశ్రాంతి దొరలకు, ఓర్పు మనకు అన్నట్టు మిగిలిపోయింది. మీ ఆయన మోస్తున్నది ఆ పాత లెక్కను కూడా.

ఇప్పటికీ కొన్ని సంఘ వ్యవస్థల్లో ఇది దయగా ఇచ్చేది కాదు, నియమం. బ్రిటన్ మెథడిస్టు సంఘంలో సేవకులకు పదో ఏట, ఆ తర్వాత ప్రతి ఏడేళ్లకు ఒకసారి మూడు నెలల విశ్రాంతి కాలం ఉంటుంది. దాన్ని సబాటికల్ అంటారు, సబ్బాతు నుంచి పుట్టిన మాట. పనివల్ల మనిషి ఇలా పూర్తిగా ఇంకిపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వర్గీకరణలో నమోదు చేసింది. శక్తి హరించుకుపోవడం, చేసే పని నుంచి మనసు దూరం కావడం, ఎంత చేసినా ఫలితం లేదనిపించడం, ఈ మూడూ దాని గుర్తులని చెప్పింది. బండి మీద కదలకుండా కూర్చున్న ఆ పది నిమిషాలు చదివినప్పుడు నాకు ఈ మూడూ కనిపించాయి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా వారు రిటైరైన ప్రెస్బిటర్, అంటే పాస్టరే. అప్పట్లో కడప జిల్లాలో పద్నాలుగు పల్లెల పాస్టరేట్ చూసేవారు. ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం ఒక భూస్థాపనలో, గుంట పక్కన నిలబడి ప్రార్థన చేస్తూ చనిపోయిన మనిషి పేరుకు బదులు అతని అన్న పేరు చదివారు. ఆ అన్న ఎదురుగా నిలబడి ఉన్నాడు. బేల్దారి పని చేసేవాడు, చేతులకు ఇంకా సిమెంటు ఉంది. అందరూ బిగుసుకుపోయారు. అతను మాత్రం "అయ్యగారూ, నేను ఉన్నాను" అని మెల్లగా అన్నాడు. మా వారు పుస్తకం మూసి ఏడ్చేశారు. తమ్ముణ్ణి మట్టిలో పెట్టిన ఆ మనిషే ఆ సాయంత్రం మా వారిని సైకిలు మీద ఇంటికి తెచ్చి దించాడు. రెండు రోజులకు పెద్దలను వెంటబెట్టుకుని వచ్చి, "అయ్యగారిని కొన్నాళ్లు పంపిద్దాం" అన్నాడు. పంపమని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మీకు ఉంది, అది తప్పు కాదు.

మదనపల్లెలో మా అక్క ఇంట్లో అయిదు వారాలు ఉన్నాం. క్షయ రోగులకు ఆరోగ్యవరం శానిటోరియం కట్టడానికి ఎంచుకున్న గాలి ఆ ఊరిది. మొదటి పది రోజులు మా వారు తిన్నారు, పడుకున్నారు, అంతే. బైబిలు తెరవలేదు. దేవుడు తనను వదిలేశాడేమోనని ఆయనకు భయం, ఆయన దేవుణ్ణి వదిలేశారేమోనని నాకు భయం. ఇప్పుడు తెలుస్తోంది, బీడు పెట్టిన చేను కూడా చూసేవారికి పాడుబడినట్టే ఉంటుంది. ఏడో ఏట భూమికి విశ్రాంతి ఇమ్మని లేవీయకాండం 25వ అధ్యాయంలో చెప్పిన దేవుడు ఆ ఏడు పంట అడగలేదు. మీ వారు మొదటి రోజుల్లో ప్రార్థన చేయకపోతే కంగారు పడకండి, చేయమని గుర్తుచేయకండి.

మూడో వారం మా బావగారితో కలిసి టమాటా తోటకు నీళ్లు పెట్టడం మొదలుపెట్టారు. ఆదివారం అక్కడి మందిరంలో వెనక వరుసలో కూర్చున్నాం. ఎన్నో ఏళ్ల తర్వాత ఆయన ప్రసంగం చెప్పకుండా విన్నారు. మా అబ్బాయి ఆయన భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. తండ్రి పక్కన కూర్చుని ఆరాధన చేయడం వాడికి అదే మొదటిసారి, అప్పటికి వాడికి ఎనిమిదేళ్లు. ఆ పూట మా వారు నా వైపు తిరిగి చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది.

మందిరంలో మేము లేనప్పుడు ఏం జరిగింది? మీ రెండో పెద్ద భయం కూడా ఇదే కాబట్టి దాచకుండా చెబుతాను. హాజరు తగ్గింది. రెండు కుటుంబాలు పక్క సంఘానికి వెళ్లాయి. ఒకటి తిరిగి వచ్చింది, ఒకటి రాలేదు. ఒక ఆదివారం రావలసిన ప్రసంగీకుడు బస్సు అందక రాలేదు. రిటైరైన పంతులు ఒకాయన లేచి వాక్యం చదివారు, బేల్దారి ప్రార్థన చేశాడు, కానుక పట్టారు, ఆరాధన ముగిసింది. అంతవరకు మందిరంలో నోరు విప్పని మనుషులు వాళ్లు. స్త్రీలు ఇద్దరిద్దరుగా ఆసుపత్రికి వెళ్లి రోగులను చూసి వచ్చారు.

మేము చేసిన తప్పు తిరిగి వచ్చాక చేశాం. అయ్యగారు వచ్చేశారని పంతులు వెనక్కి తగ్గారు, స్త్రీలు ఆసుపత్రికి వెళ్లడం మానేశారు. మా వారు కూడా, ఇన్నాళ్లు లేనన్న బాధతో, రెట్టింపు తిరిగారు. ఆరు నెలలకు మళ్లీ మొదటికే వచ్చాం. మూడో ఏట షుగరు పెరిగి పల్లెలో కింద పడిపోయారు. మీరు ఆ తప్పు చేయవద్దు. మీ వారు విశ్రాంతికి బయలుదేరక ముందే, తిరిగి వచ్చాక ఆయన మళ్లీ చేతిలోకి తీసుకోకూడని పనులు ఏమిటో సంఘంతో కాగితం మీద రాయించండి. ఆసుపత్రి పరామర్శలు స్త్రీల బృందానికి, రాత్రి ప్రార్థన యవనస్థులకు, మూడు పల్లెల్లో ఒక పల్లె కూడిక ఒక పెద్దకు ఇవ్వాలని నా సలహా. పెద్దలతో జరిగే మాటల్లో అన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టవలసింది దీని మీదే, రోజుల సంఖ్య మీద కాదు. ఆరు వారాలకు తగ్గకుండా ఎంత ఇచ్చినా తీసుకోండి.

ఎప్పుడు అన్నది ఆలోచించాను. సంక్రాంతి తర్వాత మీ వైపు కుటుంబాలు సుగ్గికి, అంటే కోత కూలికి, గుంటూరు మిరప చేలకు వెళ్లిపోతాయి, మందిరం సగం ఖాళీ. అప్పుడైతే సులువని పెద్దలు అనవచ్చు. నేను వద్దంటాను. మార్చిలో పాపకు పరీక్షలు. అది కాక, మనుషులు లేనప్పుడు కాపరి కూడా లేకపోతే సంఘం ఏమీ నేర్చుకోదు. ఈస్టరు ముగిసి, పాప పరీక్షలు అయిపోయి, ఏప్రిల్ ఆఖరులో బడులకు సెలవులు ఇచ్చాక బయలుదేరి, జూన్‌లో తొలకరికి తిరిగి రండి. మే నెల పెళ్లిళ్లు పక్క సంఘం పాస్టర్ గారు చేస్తారు. వీబీఎస్, అంటే పిల్లల సెలవుల బైబిలు బడి, యవనస్థులు నడపగలరు, ఆయన ఉన్నప్పుడు కూడా నడిపేది వాళ్లే కదా. అంతదాకా ఊరికే ఎదురుచూడవద్దు. ఈ సోమవారం నుంచి వారానికి ఒక పూర్తి రోజు ఆయన ఫోను ఒక పెద్ద దగ్గర ఉండాలి. రాత్రి ప్రార్థన ఈ నెల నుంచే ఆయన లేకుండా జరగాలి. డాక్టరు ముందే విశ్రాంతి కావాలంటే ఈస్టరు దాకా కూడా ఆగనక్కరలేదు.

డబ్బు సంగతి. మా వారికి డయాసిస్ (బిషప్ గారి కింద ఉండే సంఘాల వ్యవస్థ) జీతం వచ్చేది, మీకు ఆ ఆధారం లేదు కాబట్టి ఇది తేలికగా చెప్పను. మొదటిది, ఆ రెండు నెలలూ మీకు నెలనెలా వచ్చే మొత్తం అలాగే రావాలి. విశ్రాంతి కూడా సేవకాలంలో భాగమేనని పెద్దల తీర్మానంలో ఉండాలి. రెండోది, అదనపు ఖర్చు. ఎనిమిది ఆదివారాలకు బయటినుంచి వచ్చే వారికి దారి ఖర్చు, భోజనం, చిన్న కానుక కలిపి వెయ్యి చొప్పున ఎనిమిది వేలు. మీ ప్రయాణం, బయట ఉండే ఖర్చు మరో పన్నెండు, పద్నాలుగు వేలు. నలభై ఐదు కుటుంబాలు నెలకు వంద రూపాయల చొప్పున ఐదు నెలలు పక్కన పెడితే 22,500 రూపాయలు అవుతుంది. వంద ఇవ్వలేని ఇళ్లు ఉంటాయి, రెండు వందలు ఇవ్వగల ఇళ్లూ ఉంటాయి. ఆ సొమ్ము మీ చేతికి రాకూడదు, ట్రెజరర్ దగ్గర ఉండాలి, లెక్క మందిరంలో చదవాలి. అమెరికాలో లిల్లీ ఎండోమెంట్ అనే ధర్మనిధి పాస్టర్ల విశ్రాంతి కోసం సంఘాలకు సొమ్ము ఇస్తుంది. పాస్టర్ లేనప్పుడు సంఘం చేసుకునే ఏర్పాట్లకు కూడా అందులో నుంచి ఖర్చు పెట్టుకోవచ్చు. మన దగ్గర అలాంటి నిధి లేకపోయినా ఆ పద్ధతి మంచిది. సంఘం కూడా ఈ ఏర్పాటులో సగం అని అది ఒప్పుకుంటుంది.

మంద పోతుందన్న భయానికి ఒకటి చేయండి. ఎనిమిది ఆదివారాలకూ ఒకే మనిషిని పిలవకండి. ఒకే ముఖం ఎనిమిది వారాలు కనిపిస్తే పోలికలు మొదలవుతాయి. మీ పెద్దల్లో ఇద్దరు చెరొక ఆదివారం, మండల పాస్టర్ల ఫెలోషిప్ నుంచి ముగ్గురు నలుగురు మిగతావి. ప్రభురాత్రి భోజనం ఇచ్చే ఆదివారాలు వయసులో పెద్ద పాస్టర్ గారికి ఇవ్వండి. ఈ సంగతి ఫెలోషిప్‌లో మీ వారి కోసం మాత్రమే అడగకండి. ఏటా ఒక పాస్టర్ విశ్రాంతి తీసుకుంటే మిగతావారు ఆయన మందిరాన్ని చూసుకునేలా ఒప్పందం చేసుకోమనండి. ఒకరి చేలో కోతకు మరొకరు వెళ్లి, వారి చేలో కోతకు వీరు రావడం మన పల్లెల్లో ఎరుగనిది కాదు. మీ మండలంలో మీ వారిలాగే బండి మీద కూర్చుండిపోయే వారు ఇంకా ఉన్నారు. వారి భార్యలు ఉత్తరం రాయలేదు, అంతే.

అన్నిటికంటే చిక్కు చావులతో వస్తుంది. ఆ రెండు నెలల్లో ఎవరైనా చనిపోతే? "మా నాన్నను మట్టి చేసేటప్పుడు అయ్యగారు రాలేదు" అన్న మాట మన దగ్గర తరం దాటినా పోదు. అందుకని ముందే మందిరంలో చెప్పాలి. భూస్థాపన ఫలానా పాస్టర్ గారు చేస్తారు, అయ్యగారు తిరిగి వచ్చిన రోజు మందిరం తలుపు తీయకముందే ఆ ఇంటికి వెళ్లి కూర్చుంటారు అని. ఫలానా ముఖ్యమైన కుటుంబమైతే ఫోను చేయవచ్చు అని ఒక్క మినహాయింపు పెట్టారా, ప్రతి కుటుంబమూ ముఖ్యమైనదే అవుతుంది. చివరికి పేదవాడి చావుకు రాని అయ్యగారు పెద్ద ఇంటి చావుకు వచ్చారన్న మచ్చ మిగులుతుంది. నియమం అందరికీ ఒకటే ఉండనివ్వండి.

ఎక్కడికి వెళ్లాలి? మందిరం పక్క ఇల్లు కాబట్టి ఊళ్లో ఉండకూడదు. బంధువుల ఊరికి వెళితే అక్కడి సంఘం వారు "ఎలాగూ వచ్చారు, రెండు మాటలు వాక్యం చెప్పండి" అంటారు. వద్దని చెప్పడం ఆయనకు చేతకాదు, మీరు చెప్పండి. ఉజ్జీవ సభలకు పిలుపు వచ్చినా, పరీక్ష రాసి కొత్త డిగ్రీ తీసుకుందామని ఆయనకే అనిపించినా ఈ రెండు నెలల్లో కాదు.

ఇక మీరు. ఇంత ఉత్తరంలో మీ గురించి ఒక్క వాక్యం రాసుకోలేదు. మందిరం తాళాలు మీ దగ్గరే ఉంటాయని, ఊడ్చేది మీరేనని, సండే స్కూలు, స్త్రీల కూడిక, వచ్చిన ప్రతివారికీ టీ మీవేనని నాకు తెలుసు. నేనూ ఆ పనులన్నీ చేశాను, ఏ రిజిస్టరులోనూ నా పేరు లేదు. పెద్దలు ఒప్పుకుంటే తప్పకుండా ఒక మాట అంటారు: "అయ్యగారు వెళ్లిరానివ్వండి, అమ్మగారు ఉంటారు కదా." దానికి ఒప్పుకోవద్దు. తాళాలు అప్పగించి మీరూ బయలుదేరండి. మీరు అక్కడ ఉంటే ఆయన మనసు అక్కడే ఉంటుంది, ఫోను మీకు మోగుతుంది.

పెద్దల దగ్గరికి ఈసారి మీరు ఒంటరిగా వెళ్లకండి. డాక్టరు కాగితం చేతికి వచ్చాక, ఫెలోషిప్‌లో పెద్దాయన ఒకరిని తోడు తీసుకుని, మీ వారు కూడా ఉండగా కూర్చోండి. సెలవు అనే మాట వాడకండి, ఆ మాట వినగానే మనసులు మూసుకుంటున్నాయి. విశ్రాంతి కాలం అనండి. లూకా మొదటి అధ్యాయం వారి చేతే చదివించండి. సెలవేమిటని అడిగిన ఆ పెద్దనే మొదటి ఆదివారం వాక్యం చెప్పమని అడగండి. ఆయన కాదంటారని నేను అనుకోను.

డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చిన రోజే నాకు రెండు ముక్కలు రాయండి. ఏప్రిల్‌లో ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే కడపకు రండి. మా ఇంట్లో మేడ మీద ఒక గది ఖాళీగా ఉంది. మా వారు సాయంత్రం ఆరింటికి నడకకు వెళతారు, తోడు వచ్చేవారు లేరు. మీ వారిని ఒక్క ప్రార్థన కూడా చేయమని ఎవరూ అడగరు, ఆ పూచీ నాది.